చెక్క బండి దాచుకున్న మాటలు

ఈసారి పోస్టు కాస్త పెద్దదే. తీరిక చూసుకుని, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. ఎందుకో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

పోయిన సంక్రాంతికి మన బెంగళూరు శాఖలో పిల్లలకు ఆటలు పెట్టాం. ముగ్గులూ పాటలూ అయ్యాక ఒక పెద్దాయన సంచీలోంచి జానెడు చెక్క ఎడ్లబండి తీసి బల్ల మీద పెట్టారు. "దీని భాగాల పేర్లు తెలుగులో ఎవరు ఎక్కువ చెబితే వాళ్లకే ఈ బండి" అన్నారు. పిల్లలు "చక్రం" అన్నారు, "ఎద్దు" అన్నారు, అక్కడితో ఆగిపోయారు. సరే, తల్లిదండ్రులు చెప్పండి అన్నారు. మాలో ఒకరు "ఇరుసు" అన్నారు. నేను "కాడి" అన్నాను. ఆ తర్వాత అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. వెనక కుర్చీలో కూర్చున్న ఒక అవ్వ మాత్రం లేవకుండానే వరసగా తొమ్మిది పేర్లు చెప్పింది. బండి ఆవిడకే ఇచ్చారు. "నాకెందుకు నాయనా, నా మాటలు తీసుకునేవాళ్లకు ఇయ్యండి" అని నవ్వింది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చాక మా తాత గుర్తొచ్చాడు. మాది కోలారు వైపు పల్లె. ఊరి వడ్రంగి పెద్ద బండి చేసేటప్పుడు మిగిలిన తుమ్మ ముక్కలతో నాకొక చిన్న బండి చేసి ఇచ్చాడు. తాడు కట్టి వీధంతా లాగేవాణ్ని. ఆ బండి చెదలు తినేసింది. తాత పోయాడు, వడ్రంగి పోయాడు. నాకు మిగిలింది "కాడి" అన్న ఒక్క మాట. చెక్క బొమ్మల బండ్ల చరిత్ర ఏమిటి, మన తెలుగువాళ్లకు దానితో ఉన్న సంబంధం ఎంతవరకు అని అప్పటినుంచి తిరుగుతూ, చదువుతూ, అడుగుతూ ఉన్నాను. తెలిసింది రాస్తున్నాను.

మట్టి మిగిలింది, చెక్క పోయింది

బొమ్మ బండి మన దేశంలో చాలా పాతది. హరప్పా, మొహెంజొదారో తవ్వకాల్లో కాల్చిన మట్టితో చేసిన చిన్న బండ్లు, వాటి చక్రాలు దొరికాయి. అవి 4000 ఏళ్లకు పైబడినవి. మహారాష్ట్రలో ప్రవరా నది ఒడ్డున దైమాబాద్ అనే చోట 1974లో కంచు బొమ్మలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి రెండెడ్లు లాగే రథం, మీద ఒక మనిషి నిలబడి తోలుతున్నాడు. అది బొమ్మా, పూజా వస్తువా, ఏ కాలానిది అన్నదాని మీద చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అహ్మద్‌నగర్, షోలాపూర్ వైపు ఉన్న మనవాళ్లకు ఈ పేరు తెలిసే ఉంటుంది.

శూద్రకుడి మృచ్ఛకటికం పేరుకు అర్థమే మట్టిబండి. అందులో చారుదత్తుడి కొడుకు ఇరుగింటి పిల్లవాడి బంగారు బండితో ఆడుకున్నాక తన మట్టిబండి వద్దని ఏడుస్తాడు. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండి నిండా పోస్తుంది. కథలో ఆ నగలకు పెద్ద పాత్రే ఉంది. పిల్లవాడికి బొమ్మ బండి ఎంత పెద్ద విషయమో ఆ నాటకం రాసినాయనకు బాగా తెలుసు.

ఒక చిక్కు గమనించండి. దొరికినవన్నీ మట్టివి, కంచువి. చెక్కవి ఏవి? అంత పాతకాలంలో చెక్క బండ్లు చేయలేదని కాదు. పెద్ద బండి చెక్కతో చేసేవాడు పిల్లవాడికి చెక్క ముక్కతో బండి చేసివ్వకుండా ఉంటాడా? చెక్క చెదపడుతుంది, కుళ్లుతుంది, పొయ్యిలోకి పోతుంది. మట్టి భూమిలో నిలుస్తుంది. అందుకని చెక్క బొమ్మ చరిత్రను తవ్వి తీయలేం. దాన్ని మూడు చోట్ల వెతకాలి: చెట్టులో, పనిముట్టులో, మాటలో. ఈ మూడూ ఇంకా మన చుట్టూ ఉన్నాయి. ఎన్నాళ్లుంటాయన్నదే ప్రశ్న.

చన్నపట్నంలో మా అమ్మ పట్టిన చెట్టు

బెంగళూరు నుంచి మైసూరు వెళ్లే దారిలో సుమారు 60 కిలోమీటర్ల దూరంలో చన్నపట్నం. మనలో చాలామంది ఆ దారిలో ఆగి బొమ్మలు కొన్నవాళ్లమే. రంగురంగుల రైలు, కారు, లాగుడు బండి, ఊగే గుర్రం. టిప్పు సుల్తాన్ కాలంలో పారశీక దేశం నుంచి పనివాళ్లను పిలిపించి ఇక్కడివాళ్లకు నేర్పించారని చెప్పుకుంటారు. 20వ శతాబ్దం మొదట్లో బావాస్ మియా అనే ఆయన జపాన్ పద్ధతులు తెచ్చి ఈ పనిని మార్చాడని, అక్కడివాళ్లు ఆయన్ను ఈ బొమ్మలకు తండ్రిగా తలుచుకుంటారు. 2005-06లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

సంక్రాంతి అయ్యాక మా అమ్మను తీసుకుని అక్కడికి వెళ్లాను. ఒక చిన్న కార్ఖానాలో పనిచేస్తున్నాయన్ని "అణ్ణా, ఇది ఏ చెక్క?" అని అడిగాను. "ఆలె మర సార్" అన్నాడు. పెరట్లో ఒక మొక్క ఉంటే చూపించాడు. మా అమ్మ ఒక ఆకు తుంచింది. తెల్లటి పాలు కారాయి. "ఇది మన పాలమాను కదరా! జంట కాయలు కాస్తాయి, కొసలు రెండూ అతుక్కుని ఉంటాయి చూడు" అంది. ఆయన నవ్వి అవునన్నాడు.

ఇంటికొచ్చి విశాఖపట్నంలో ఉన్న మా వియ్యంకుడికి ఫొటో పంపాను. వెంటనే జవాబొచ్చింది: "ఇది అంకుడు, బావగారూ. మా ఏటికొప్పాక బొమ్మలన్నీ దీంతోనే."

అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. కన్నడంలో ఆలె మర, మా కోలారులో పాలమాను, ఉత్తరాంధ్రలో అంకుడు, తమిళంలో వెట్పాలై, మరాఠీలో కాళా కుడా. అన్నీ ఒకటే చెట్టు. వృక్షశాస్త్రంలో దాని పేరు రైటియా టింక్టోరియా. దీని ఆకులోంచి నీలిరంగు తీసేవాళ్లు, అందుకే ఆ పేరులో "రంగు వేసేది" అన్న అర్థం ఉంది. తమిళనాడు సిద్ధవైద్యంలో ఈ ఆకు నూనెను చర్మరోగాలకు వాడతారు. మనం వెళ్లి స్థిరపడిన చోట్ల చాలావరకు ఈ చెట్టు మనకన్నా ముందే ఉంది. మనం పేరు గుర్తుపట్టలేదు, అంతే.

అంకుడు తిరుగుతుంది, పొనికి చెక్కించుకుంటుంది

బొమ్మల చెక్కల్లో మనకు ముఖ్యమైనవి రెండు. ఒకటి ఈ అంకుడు. రెండోది తెల్లపొనికి. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు పొనికితో చేస్తారు. ఈ రెండు చెక్కల స్వభావం వేరు. ఆ తేడా వల్లే బొమ్మ బండ్ల ఆకారాలు కూడా వేరయ్యాయి.

అంకుడు చెక్క దంతంలా తెల్లగా, సన్నటి పోగుతో, మెత్తగా ఉంటుంది. తిరుగుతున్న చెక్కకు ఉలి ఆనిస్తే పెచ్చులు లేవకుండా నున్నగా వస్తుంది. అందుకే దాన్ని లేత్ మీద పెడతారు. మా తాత తరం వాళ్లు దాన్ని తరిమెన పట్టడం అనేవాళ్లు. పచ్చి కొమ్మను రెండు మూడు నెలలు నీడన ఆరబెట్టి, బెరడు తీసి, ముక్కలు కోసి తరిమెనకు ఎక్కిస్తారు. ఆకారం వచ్చాక చెక్క ఇంకా తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి నొక్కి పడతారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి చెక్కకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకు పెట్టి అదిమితే అద్దంలా మెరుపు వస్తుంది. చన్నపట్నంలో ఆ ఆకును తాళె గరి అంటారు. వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలోనూ మొగలి ఆకే. రెండు ఊళ్ల మధ్య ఎన్ని వందల మైళ్లు! చెట్టు ఒకటే, లక్క ఒకటే, మెరుపుకు వాడే ఆకు ఒకటే.

తరిమెన మీద వచ్చేది ఏదైనా గుండ్రంగానే ఉంటుంది. కాబట్టి ఈ పనివాళ్ల చేతిలో రైలింజను అద్భుతంగా కుదిరింది. బాయిలరు ఒక స్తంభం, పొగగొట్టం ఒక చిన్న స్తంభం, చక్రాలు బిళ్లలు. బెంగళూరు మైసూరు రైలు 1880ల మొదట్లోనే చన్నపట్నం మీదుగా నడిచింది. ఊళ్లోకి వచ్చిన కొత్త బండిని పనివాడు చూసి ఊరుకోడు కదా. అలా ఎడ్లబండి పక్కన రైలు, దాని పక్కన కారు, లారీ, ఆటో వచ్చి చేరాయి.

పొనికి సంగతి వేరు. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియనంత తేలిక చెక్క. కత్తికి వెన్నలా లొంగుతుంది. దాన్ని తిప్పరు, చెక్కుతారు. ముందు చెక్కలోని తేమ పోయేలా సన్నని సెగ మీద కాస్తారు. తల, చేతులు, కొమ్ములు, చక్రాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆకురాయితో సాపు చేసి, సున్నం పూత వేసి, రంగులు దిద్దుతారు. విడిగా చెక్కి అతికించే పని కాబట్టి ఎంత చిన్న వివరమైనా పెట్టొచ్చు. బండి తోలేవాడి తలపాగా, ఎద్దు మెడలో గంట, వెనక గడ్డిమోపు. కొండపల్లి ఎడ్లబండి చూసినవాళ్లకు ఇది తెలుసు. ఆ పనివాళ్ల పూర్వులు రాజస్థాన్ వైపు నుంచి 400 ఏళ్ల కిందట వచ్చారని వాళ్ల కుటుంబాల్లో చెప్పుకుంటారు. వలస వచ్చినవాళ్లు మన ఊరి బండిని మనకంటే శ్రద్ధగా చూసి చెక్కారు. వలస వెళ్లిన కుటుంబాల వాళ్లం, మనకు ఈ సంగతి కొంచెం ఎక్కువగా తగలాలి.

బళ్లారి, కొప్పళ వైపు సభ్యులకు ఒక మాట. మీ దగ్గరి కిన్నాళ బొమ్మలు కూడా తేలిక చెక్కతోనే చేస్తారు. దాన్ని అక్కడ పొలికి మర అంటారు. పొనికి, పొలికి. పక్కపక్కన పెట్టి చదవండి.

రెండు బండ్లు, రెండు సూత్రాలు

చన్నపట్నంలో ఆ పెద్దాయన నాకు ఇంకో విషయం చేతిలో పెట్టి చూపించాడు. రైలు బొమ్మలో చక్రాలు ఇరుసుకు బిగించి ఉంటాయి. ఇరుసే బొమ్మ కింది రంధ్రంలో తిరుగుతుంది. నిజం రైలుకూ అంతే, చక్రాలూ ఇరుసూ కలిసి తిరుగుతాయి. ఎడ్లబండిలో ఇరుసు కదలదు. చక్రం దాని మీద వదులుగా తిరుగుతుంది, ఊడిపోకుండా చివర ఒక చీల ఉంటుంది. శ్రద్ధగా చేసిన బొమ్మలో ఈ తేడా ఉంటుంది. మేకు కొట్టి చక్రం తగిలించిన నాసిరకం బొమ్మలో ఉండదు. "పిల్లవాడు చక్రం పీకి చూస్తాడు సార్. చూసినప్పుడు నిజమే కనబడాలి" అన్నాడాయన.

నేను ఇంతవరకూ బొమ్మలో వివరం అంటే అందం కోసం అనుకున్నాను. ఆ రోజు అర్థమైంది. బొమ్మలో ఉన్న ప్రతి ముక్కకూ ఒక పని ఉంది, ప్రతి పనికీ ఒక పేరు ఉంది. ముక్క తీసేస్తే పేరు కూడా పోతుంది. అచ్చులో పోసిన ప్లాస్టిక్ బండికి చీల లేదు, కాబట్టి దాంతో ఆడిన పిల్లవాడికి చీల అన్న మాట అవసరం రాదు.

అవ్వ చెప్పిన మాటలు

ఇప్పుడు ఆ అవ్వ దగ్గరికి వద్దాం. నేను మళ్లీ వాళ్లింటికి వెళ్లి కూర్చుని రాసుకున్నాను. ఆవిడ బండి చేతిలో పట్టుకుని ఒక్కో భాగం మీద వేలు పెట్టి చెప్పింది.

చక్రం నడిమధ్య లావుగా ఉన్నది కుండ. కుండలోంచి బయటికి వచ్చే పుల్లలు ఆకులు. ఆకుల చివర్లను కలుపుతూ గుండ్రంగా ఉండే చెక్క ముక్కలు పూటీలు. పూటీల చుట్టూ ఇనప పట్టా. నిజం బండికి ఆ పట్టాను నిప్పుల్లో ఎర్రగా కాల్చి, సాగినప్పుడు చక్రానికి తొడిగి, నీళ్లు పోస్తే బిగుసుకుంటుంది. రెండు చక్రాలకూ అడ్డంగా ఇరుసు. ఇరుసు చివర కడసీల. బండి నుంచి ముందుకు పోయే పొడుగు దూలం నొగ. నొగ చివర అడ్డంగా కాడి. కాడికి ఎద్దు మెడను కట్టే తాడు పలుపు. ఇవి తొమ్మిది.

"ఏ ముక్క ఏ చెట్టుదో తెలుసా?" అని ఆవిడే మళ్లీ అడిగింది. కుండకు, పూటీలకు నల్లతుమ్మ. దెబ్బకు పగలదు, నీటికి నానదు. మా ఊరి వడ్రంగి నా బొమ్మకు తుమ్మ ముక్క ఎందుకు వాడాడో అప్పుడు తెలిసింది. అది కుండలు చెక్కగా మిగిలిన ముక్క.

ఈ మాటలు పట్టుకుని చుట్టుపక్కల భాషల స్నేహితుల్ని అడిగాను. ఇరుసు తమిళంలో కూడా ఇరుసే. మన కడసీల తమిళంలో కడైయాణి, కన్నడంలో కడాణి. మొదటి ముక్క ఒకటే: కడ, అంటే కొస. కొసన పెట్టే చీల. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది నొగ. మనకు నొగ అంటే బండి ముందుకు సాగే దూలం. కన్నడంలో నొగ అంటే ఎద్దుల మెడ మీద ఉండే కాడి. తమిళంలో నుగం అంటే కూడా కాడే. ఒకే మాట పక్క భాషలోకి పోయేసరికి బండి మీద ఒక ముక్క జరిగింది. ఒడిశాలో కాడిని జుఆళి అంటారు, చక్రాన్ని చక అంటారు. మరాఠీలో జూ, చాక్. సంస్కృతం వైపు నుంచి వచ్చిన మాటలవి.

కన్నడ ఇంటి పక్కన ఉంటూ మా పిల్లలు తెలుగు మర్చిపోతున్నారని మనం తరచూ బాధపడతాం. బండి దగ్గరికి వస్తే పక్కింటి పిల్లవాడికీ ఆ మాటలు తెలియవు. మనకు పోయిన మాటే వాళ్లకూ పోయింది. కాబట్టి ఇది ఒక భాష ఇంకో భాషను మింగేసిన కథ అనుకోకండి. వస్తువు పోయింది, దానితో పాటు అన్ని భాషల్లోంచీ మాట జారిపోయింది.

మన మన ఊళ్లలో బండ్లు

మన సంఘం నాలుగు రాష్ట్రాలు, ఒక కేంద్రపాలిత ప్రాంతం అంతా పరుచుకుని ఉంది కదా, ఒక్కో చోట పిల్లల చేతికి ఒక్కో బండి వచ్చింది.

నాగపూర్, చంద్రపూర్, సిరోంచ వైపు ఉన్నవాళ్లకు తాన్హా పోళా తెలిసిందే. శ్రావణ అమావాస్య నాడు పోళా, ఎడ్ల పండుగ. ఆ మర్నాడు పిల్లల పండుగ. చక్రాలున్న చెక్క ఎద్దుల్ని అలంకరించి, లాక్కుంటూ ఇంటింటికీ తిరిగితే పెద్దవాళ్లు డబ్బులో తినుబండారాలో చేతిలో పెడతారు. నాగపూర్ భోంస్లే రాజుల కాలంలో ఇది మొదలైందని అక్కడ చెబుతారు. అదే అమావాస్యను మనం పోలాల అమావాస్య అంటాం. ఆదిలాబాద్ వైపు ఆ రోజు ఎడ్లను అలంకరించే పద్ధతి ఇప్పటికీ ఉంది. పెద్దవాళ్లకు నిజం ఎద్దు, పిల్లలకు చెక్క ఎద్దు. ఎంత మంచి ఆలోచన!

తమిళనాడులో నడైవండి. అడుగులు నేర్చుకునే పిల్లలు పట్టుకుని తోసుకుంటూ పోయే మూడు చక్రాల చెక్క బండి. మదురై, కోయంబత్తూరు సభ్యుల ఇళ్లలో అటక మీద ఒకటైనా ఉంటుంది, వెతకండి. మూడు తరాలు అదే బండి పట్టుకుని నడక నేర్చుకున్న ఇళ్లు ఉన్నాయి.

బరంపురం, పర్లాకిమిడి వాళ్లకు బండి కన్నా పడవ ముందు. కార్తీక పున్నమి నాడు ఒడిశా అంతటా బొయిత బందాణ, పూర్వం సముద్రం మీద వర్తకానికి వెళ్లినవాళ్ల జ్ఞాపకంగా చిన్న పడవలు నీళ్లలో వదులుతారు. మనం పోలి స్వర్గం నాడు అరటి దొప్పలో దీపం వదులుతాం. యానాం వాళ్లూ గోదావరి పక్కన పెరిగినవాళ్లే. వాళ్ల పిల్లలకు చెక్క బొమ్మ చేసివ్వాలంటే పడవే చేయాలి. చుక్కాని, తెరచాప, తెడ్డు, గెడ, లంగరు. పడవలోనూ మాటలు దాగి ఉన్నాయి.

చెట్టు లేకపోతే

ఇప్పుడు అసలు సంగతి. చన్నపట్నం కార్ఖానాలో ఒక మూల వేరే రంగు చెక్క కుప్పగా ఉంది. ఏమిటని అడిగితే రబ్బరు చెక్క అన్నాడు. ఆలె మర సరిపడా దొరకడం లేదు, దొరికినా ధర పెరిగింది. కొండపల్లి చుట్టూ పొనికి తగ్గిపోయిందనీ, ఏటికొప్పాకకు అంకుడు అందడం కష్టమైందనీ ఏళ్లుగా వింటున్నాం. కారణం కష్టమైనదేమీ కాదు. టేకు నాటారు, నీలగిరి నాటారు. మా కోలారు జిల్లాలో నీలగిరి తోపులు ఎంత పెరిగాయో మీకు నేను చెప్పాలా? అంకుడును, పొనికిని మాత్రం "అడవిలో ఉన్నాయిలే" అని కొట్టుకొచ్చారే గాని నాటినవాళ్లు తక్కువ. ఇంటికి ద్వారబంధం చేయడానికి పనికిరాని చెట్టును ఎవరు నాటతారు? బొమ్మకు తప్ప దేనికీ డబ్బు రాని చెట్టు, బొమ్మ అమ్ముడుపోకపోతే అనాథే.

ప్రయత్నం చేసినవాళ్లు ఉన్నారు. ఏటికొప్పాకలో సి.వి. రాజు గారు రసాయన రంగుల బదులు పసుపు, నీలి వంటి చెట్టు రంగుల్ని లక్కలో కలిపే పనిని మళ్లీ నిలబెట్టారు. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు కదా. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. చిన్న చేతిపనివాళ్లు ఆ పరీక్షల ఖర్చు మోయలేరని, హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. కాబట్టి "దీని మీద గుర్తు లేదు, మంచిది కాదేమో" అని చెక్క బొమ్మను పక్కన పెట్టకండి. చేసినవాడు నమోదైనవాడా, రంగు ఏమిటి అని అడగండి. లక్క రంగైతే గోరుతో గీకినా పొరలుగా లేవదు.

నేనూ ఒకసారి మోసపోయాను. పోయిన ఏడాది ఒక పెద్ద దుకాణంలో "చేతిపని" అని రాసి ఉన్న చెక్క కారు కొన్నాను. మా మనవడు నోట్లో పెట్టుకుంటే పెదాలకు ఎర్రరంగు అంటింది. చక్రం రెండో రోజుకే ఊడింది. లోపల చూస్తే చెక్క పొడి అట్ట. దానికి ఇచ్చిన డబ్బుతో చన్నపట్నంలో రెండు నిజం బండ్లు వచ్చేవి. తప్పు నాదే, నాకు చెక్క చూడటం రాదు. చూడటం మర్చిపోయిన తరం మాది.

మనం చేయగలిగింది

కార్యవర్గం ముందు మూడు ప్రతిపాదనలు పెట్టాను. మీ అభిప్రాయం కోసం ఇక్కడా రాస్తున్నాను.

ఒకటి. వచ్చే సంక్రాంతికి పిల్లల బహుమతులకు స్టీలు డబ్బాలు మానేసి చెక్క బండ్లు ఇద్దాం. ఏ శాఖకు దగ్గరగా ఉన్న పనివాళ్ల దగ్గర ఆ శాఖ కొనాలి. బెంగళూరు వాళ్లు చన్నపట్నం, బళ్లారి వాళ్లు కిన్నాళ, నాగపూర్ వాళ్లు తాన్హా పోళా ఎద్దులు. తెలుగు బొమ్మే కావాలని పట్టుపట్టొద్దు. చెట్టు ఒకటేనని పైన చూశాం కదా.

రెండు. ఒక బండి మాత్రం ప్రత్యేకంగా చేయిద్దాం. భాగాలు విడదీసి మళ్లీ బిగించేలా. చన్నపట్నం పెద్దాయన్ని అడిగాను, చేస్తానన్నాడు. "ఆకులు 12 పెట్టాలా, 6 చాలా?" అని అడిగాడు. అవ్వకు ఫోన్ చేశాను. "మా నాన్న బండికి పన్నెండు ఆకులు, ఆరు పూటీలు. పూటీకి రెండాకులు. తగ్గించొద్దని చెప్పు" అంది. కన్నడంలో ఆయనకు చెబితే, "అవ్వ సరిగ్గా చెప్పింది, నేను మీకు తెలుసో లేదో చూద్దామని అడిగా" అని నవ్వాడు.

మూడు. సంఘం స్థలంలో గోడ వారగా ఖాళీ ఉంది. అక్కడ అంకుడు విత్తనాలు వేద్దాం. కాయలు పగిలినప్పుడు పత్తిలాంటి తోకతో విత్తనాలు గాలికి ఎగురుతాయి, అంతకుముందే కోసుకోవాలి. నీళ్లు పెద్దగా అడగదు. కొమ్మ కొట్టినా మళ్లీ చిగురిస్తుంది. తెల్లటి పూలు కూడా పూస్తుంది. పదేళ్లకు మన చెట్టు కొమ్మతో మన పిల్లల పిల్లలకు బండి చేయించగలిగితే అంతకన్నా ఏం కావాలి?

పోయిన ఆదివారం ఆ విడదీసే బండి నమూనా వచ్చింది. ఏడేళ్ల మా మనవడి చేతికి ఇచ్చాను. వాడు చేసిన మొదటి పని చివర ఉన్న చిన్న పుల్ల పీకడం. చక్రం జారి గదిలో దొర్లుకుంటూ పోయింది. భయపడి నా వైపు చూశాడు. "పరవాలేదురా, అది కడసీల. అది తీస్తే చక్రం నిలవదు" అన్నాను. వాడు చక్రం తెచ్చి ఎక్కించి, "తాతా, కడసీల ఏదీ, ఇవ్వు" అన్నాడు.

ఇల్లంతా తిరిగి వెతికి ఇచ్చాను. మీ మీ ఇళ్లలో బండి భాగాలకు, పడవ భాగాలకు ఏమేం మాటలు వాడేవాళ్లో పెద్దవాళ్లను అడిగి కింద రాయండి. ఊరి పేరు కూడా రాయండి. ఆ అవ్వకు ఎనభై దాటాయి. అలాంటి అవ్వలు మన ప్రతి శాఖలోనూ ఒక్కరో ఇద్దరో ఉన్నారు. ఈ వారమే అడగండి.